సీసాలో యాభై రెండు ముక్కలు

మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరే కోడలికి ఆ రోజుల్లో కావలసింది ఒక్కటే, రెండు గంటల నిద్ర. తెల్లవారకముందే లేచి, ఐదింటి బస్సు పట్టుకుని, ఆసుపత్రిలో ఆపరేషన్ సామాన్లు కడిగే గదిలో ఒంటిగంట దాకా నిలబడే ఉద్యోగం ఆమెది. కత్తెరలు, పట్టుకార్లు, పేర్లు కూడా సరిగ్గా నోరు తిరగని కొక్కేలు, అన్నిటినీ వేడినీళ్లలో రుద్ది, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి ఆవిరి యంత్రంలోకి తోయాలి. ఇంటికొచ్చేసరికి కాళ్లు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టుండేవి. భర్త లారీ నడుపుతాడు, బండెక్కితే పది పన్నెండు రోజులకు గానీ దిగడు. ఇంట్లో ఉండేది ఆమె, మామగారు.

మామగారు పేచీల మనిషి కాడు. తిన్న గిన్నె తానే కడుగుతాడు, దండెం మీది బట్టలు తీసి మడత పెడతాడు, కోడలు పడుకుంటే రేడియో గొంతు నొక్కేస్తాడు. అలాంటి మనిషి ఆ చలికాలం ఆమె నిద్రకు పగవాడై కూర్చున్నాడు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, గాజు మీద ఏదో టకటకలాడిస్తాడు. ఆగిందిలే అనుకుని ఆమె కళ్లు మూస్తే మళ్లీ మొదలు.

మొదటి వారం ఓర్చుకుంది. రెండో వారం తలగడ తీసి చెవి మీద పెట్టుకుంది. మూడో వారం ఇక తన వల్ల కాక లేచి వెళ్లి గుమ్మంలో నిలబడింది.

బల్ల మీద లేత ఆకుపచ్చ గాజు సీసా ఒకటి అడ్డంగా పడుకుని ఉంది. మూతి రెండు వేళ్లు దూరేంత ఉంటుంది. మామగారి చేతిలో సైకిల్ చువ్వ, కొస వంచినది. ఆ చెయ్యి వణుకుతోంది. రెండేళ్లుగా ఉన్న వణుకే అది, అందుకే ఆమె ఆయనకు టీ సగం గ్లాసే పోసి ఇస్తుంది. చువ్వ వెళ్లి సీసా మూతికి తగిలినప్పుడల్లా ఆ చప్పుడు. లోపల మూడు పేకముక్కలు తలో మూలా పడి ఉన్నాయి. మిగతా కట్ట పక్కన ఉంది, దాని అట్టడబ్బా కూడా.

ఏం చేస్తున్నారని అడిగితే, పేకకట్టను డబ్బాతో సహా సీసాలో పెడుతున్నానన్నాడు. ఎందుకని అడిగితే, పెట్టాలి అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క రాలలేదు ఆయన నోట్లోంచి.

ఆయన ముప్పై ఏళ్లు సీసాల ఫ్యాక్టరీలో చేశాడు. వెలుగుతున్న తెర ముందు నుంచి సీసాలు ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ వస్తుంటే, పగులున్నదాన్నీ వంకరున్నదాన్నీ పక్కకు లాగెయ్యడం ఆయన పని. ఆ రోజుల్లో తీరిక దొరికితే, సీసాలో పట్టని వస్తువును సీసాలో పట్టించడం ఆయనకు సరదా. టెన్నిస్ బంతి, వేసిన తాళంకప్ప, పెద్ద బోల్టుకు బిగించిన నట్టు. చూసినవాళ్లు సీసా అడుగు కోసి అతికించాడేమోనని గోటితో గీకి చూసేవారట. బంతి ఉన్న సీసా ఇప్పటికీ బీరువా మీద ఉంది. పెళ్లయి వచ్చిన తొమ్మిదేళ్లలో కోడలు దాని దుమ్ము దులిపిందే తప్ప, అదెలా వెళ్లిందని ఒకనాడూ అడగలేదు.

"ఇటివ్వండి మామయ్యా, నేను పెడతా," అందామె. సాయం చేద్దామని కాదు. ఆ చప్పుడు ఒక గంటలో వదిలిపోతుందనుకుంది.

గంటలో వదల్లేదు. ఆరు వారాలు పట్టింది.

ముందు ఆ మూడు ముక్కలూ బయటికి తీయించాడు. పద్ధతి ప్రకారం డబ్బా ముందు వెళ్లాలి, ముక్కలు తర్వాత. తన చేతికి డబ్బా లొంగక, ముక్కలతోనైనా మొదలుపెడదామని చూశాడట. మర్నాడు ఆసుపత్రిలో పారేసే సామాన్లలోంచి సన్నటి పొడుగు పట్టుకారు ఒకటి, కొస కాస్త వంగినది, పెద్ద నర్సును అడిగి తెచ్చుకుంది. ఎందుకే అని నర్సు అడిగితే, మా మామయ్యకు పనుంది అంది. వివరంగా చెప్పే ఓపిక లేదు.

కెటిల్ ఆవిరి మీద డబ్బాను తిప్పుతూ పెట్టగా పెట్టగా పక్క అతుకు వదిలింది. దాన్ని పరిచి, గొట్టంలా చుట్టి, మూతిలోంచి తోసింది. లోపలికి పోయాక అది తనంతట తాను సగం విచ్చుకుంది. మిగతా సగం విప్పడానికి మూడు మధ్యాహ్నాలు. చువ్వ కొసకు జిగురు రాసి, అతుకు మీద పూసి, రెండో చువ్వతో లోపలి నుంచి ఒత్తి పట్టుకుని, అది ఆరేదాకా కదలకుండా కూర్చోవాలి. మొదటిసారి ఆరకముందే ఆమెకు కునుకు పట్టింది. చెయ్యి జారి అతుకు ఊడింది. మామగారు లేచి వెళ్లి మళ్లీ జిగురు కలుపుకొచ్చాడు.

ఆ తర్వాత ముక్కలు. ఒక్కొక్కదాన్ని పెన్సిలు చుట్టూ వదులుగా చుట్టి లోపలికి వదలాలి, పట్టుకారుతో అంచు పట్టుకుని విప్పాలి, వీపు మీద చువ్వతో రుద్ది సాపు చెయ్యాలి, అప్పుడు డబ్బాలోకి జరపాలి. ఒక ముక్కను బొమ్మ లోపలికి వచ్చేలా చుడితే, తర్వాతిదాన్ని బొమ్మ బయటికి వచ్చేలా చుట్టమనేవాడు. అలా చేస్తే ఒకదాని వంపును ఇంకొకటి తినేసి కట్ట నిటారుగా కూర్చుంటుందట. రోజుకు రెండు ముక్కలు, ఒంట్లో ఓపికుంటే మూడు. పొద్దున్నంతా లోహం, మధ్యాహ్నం గాజు. ఈ ముసలాయన పంతానికి నా నిద్ర బలైపోతోందని ఆమె లోలోపల గింజుకునేది. కానీ మొదలుపెట్టాక మధ్యలో వదిలెయ్యడం కూడా ఆమె వంటికి పడదు. ఫోన్లో భర్తతో చెబితే అతను నవ్వి, నాన్నకు కాలక్షేపం దొరికిందిలే అన్నాడు. కాలక్షేపం ఎవరికి, కాలం ఎవరిది అని ఆమె ఫోన్ పెట్టేసింది.

నలభై ఒకటో ముక్క దగ్గర ఆమె సహనం అడుగంటింది. ఆ రోజు పనిలో ఇద్దరు రాక ముగ్గురి పని ఆమె నెత్తిన పడింది. వచ్చి కూర్చుని కట్టలోంచి పై ముక్క తీస్తే అది కళావరు జాకీ. ముక్కంతా నూనె మరక, గోధుమరంగుకు తిరిగి, అట్టముక్కలా బిరుసెక్కింది. చుట్టబోతే అంచు దగ్గర పటుక్కుమంది.

"ఇది పనికిరాదు మామయ్యా. ఇది లేకుండానే మూసేద్దాం. డబ్బాలో యాభై ఒకటి ఉన్నాయో యాభై రెండు ఉన్నాయో బయటినుంచి ఎవరికి తెలుస్తుంది?"

ఎన్నడూ గొంతు పెంచని మనిషి, అది చటుక్కున ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"మిగతావి ఏవి మానేసినా సరే. ఇది వెళ్లాలమ్మా."

ఆమె చువ్వ కింద పెట్టి, ఎందుకో ఇవాళైనా చెప్పమంది. చెప్పకపోతే లేచి పడుకుంటానంది. ఆయన ముక్కను ఒళ్లో పెట్టుకుని చెప్పాడు.

ఫ్యాక్టరీలో ఆయనకొక స్నేహితుడు ఉండేవాడు. కొలిమి దగ్గర పని. అందరూ కొలిమాయన అనేవారు. మధ్యాహ్నం విరామంలో నలుగురు కూర్చుని తురుపు ఆడేవారు, కట్ట ఈయనదే. ఆ ఆటలో జాకీదే పైచెయ్యి. ఒకరోజు ఆట చివరికొచ్చేసరికి కళావరు జాకీ లేదు. అంతకుముందు మూడు రోజులుగా వరసగా గెలుస్తున్నది కొలిమాయనే. ఈయనకు ఆ రోజు ఏం పట్టిందో, నువ్వే దాచావు అన్నాడు. అతను లేదన్నాడు. అయితే చొక్కా విప్పి దులుపు అన్నాడు ఈయన, గదిలో ఇరవై మంది వింటుండగా.

కొలిమాయన అంత వేడిలోనూ మెడ దాకా గుండీలు పెట్టుకునే మనిషి. దానిమీద అందరూ జోకులేసేవారు. ఎందుకలా పెట్టుకుంటాడో ఎవరికీ తెలియదు. ఆ రోజు అతను ఒక్కొక్క గుండీ విప్పి చొక్కా తీశాడు. ఎడమ భుజం నుంచి నడుము దాకా పాత కాలిన మచ్చ, చిన్నప్పటిది, చర్మమంతా ముడుచుకుపోయి ఉంది. చొక్కాను మూడుసార్లు దులిపాడు. ఏమీ రాలలేదు. మళ్లీ తొడుక్కుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతను ఆ గదిలో అడుగుపెట్టలేదు. కొలిమి దగ్గరే నిలబడి తినేవాడు.

"మరి జాకీ?" అంది కోడలు.

జాకీ నాలుగేళ్లకు దొరికింది. ఫ్యాక్టరీ మూతపడ్డ నెలలో, అన్నం క్యారేజీ పెట్టుకునే తన పాత సంచి చిరిగిపోతే పారేయబోయి, అడుగున ఉన్న అట్ట పైకెత్తాడు. దాని కింద ఉంది. పేకకట్ట కూడా ఆ సంచిలోనే పెట్టుకునేవాడు కదా, ఎప్పుడో జారి దూరింది. నాలుగేళ్లు రోజూ దాన్ని భుజాన వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్లొచ్చాడన్నమాట. అప్పటికి కొలిమాయన ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. వెళ్లి చెబుదామనుకున్నాడు. రేపు, ఎల్లుండి అంటుంటే పదిహేడేళ్లు గడిచిపోయాయి. సీసా సంగతి గొడవకు ముందుది. కొలిమి కొత్తగా వెలిగించిన రోజున వచ్చిన మొదటి సీసా అది. అడుగున కందిగింజంత గాలిబుడగ ఉందని ఈయన పక్కన పడేయబోతే, నా చేతి సీసాను పారేస్తావా, ఇందులో పేకకట్ట పెట్టివ్వు చూద్దాం అని కొలిమాయన పందెం వేశాడు. పెడతానని ఈయన మాటిచ్చాడు. కిందటేడు పింఛను ఆఫీసు వరసలో ఎవరో చెప్పారు, కొలిమాయన కూతురి దగ్గర ఉంటున్నాడని, ఆమె ఇస్త్రీ దుకాణం నడుపుతోందని. ఇక్కడికి నాలుగు స్టాపులే.

కోడలికి ఆయన మీద జాలి కలగలేదు, కోపం వచ్చింది. దాన్ని బయటపెట్టడానికి కూడా ఓపిక చాలక ఊరుకుంది. లేచి కెటిల్ పెట్టింది. జాకీని ఆవిరి మీద పట్టుకుని, అటూ ఇటూ తిప్పుతూ, మెత్తబడేదాకా నిలబడింది. ఆ ఒక్క ముక్క లోపలికి వెళ్లి డబ్బాలో సర్దుకునేసరికి సాయంత్రం ఐదయింది.

చివరి పదకొండు ముక్కలూ ప్రాణం తోడాయి. డబ్బా నిండేకొద్దీ సందు ఉండదు, ఒకటి తోస్తే రెండు పైకి లేస్తాయి. మొత్తానికి ఒక శనివారం మూత మడిచి, జిగురు పెట్టి, దానిమీద కాగితపు సీలు కూడా అంటించింది. సీసాను నిలబెడితే ఇప్పుడే దుకాణంలోంచి తెచ్చినట్టు కట్ట లోపల నిలబడింది. మామగారు దాన్ని తిప్పి తిప్పి చూసి, నువ్వు పట్టుకెళ్లి ఇచ్చి రామ్మా అన్నాడు.

"సీసా నేను పట్టుకెళ్తా. మాట మాత్రం మీరే చెప్పాలి," అంది కోడలు.

ఆదివారం ఇద్దరూ బస్సెక్కారు. సీసాను తువ్వాల్లో చుట్టి ఆమె ఒళ్లో పెట్టుకుంది. ఇస్త్రీ దుకాణం కనబడేదాకా ఆయన బాగానే నడిచాడు. ఎదురుగా చెప్పుల దుకాణం ముందు బెంచీ ఉంటే, కాళ్లు లాగుతున్నాయని దానిమీద కూలబడ్డాడు. నువ్వు ముందు వెళ్లు, వస్తాను అన్నాడు. ఆమె ఒక్క క్షణం ఆయన వైపు చూసి, రోడ్డు దాటింది.

దుకాణం లోపల ఆవిరి, సబ్బు వాసన. వాషింగ్ మెషీన్ల దగ్గర ఒకావిడ దుప్పట్లు లాగుతోంది, ఆమే కూతురు. వెనక బల్ల దగ్గర ఒక ముసలాయన మెడ దాకా గుండీలు పెట్టుకుని ఇస్త్రీ చేస్తున్నాడు. కోడలు తానెవరో చెప్పి, తువ్వాలు విప్పి సీసా బల్ల మీద పెట్టింది.

ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి సీసాను వెలుతురుకు ఎత్తాడు. లోపలి కట్టను కాదు, అడుగును చూశాడు. బొటనవేలితో బుడగ ఉన్న చోటు తడిమాడు.

"ఎన్ని ముక్కలున్నాయి?"

"యాభై రెండు."

"నువ్వు చూశావా?"

"నేనే పెట్టానండీ, ఒక్కొక్కటీ. కళావరు జాకీ కూడా ఉంది."

ఆయన సీసాను మెల్లగా దించాడు. ఎక్కడ దొరికిందట అని అడిగాడు. మామయ్య సంచిలోనే అని చెప్పింది. ఎప్పుడు అన్నాడు. ఈమధ్యే అనేస్తే సరిపోయేది. అనలేకపోయింది.

"పదిహేడేళ్లయింది."

ఇస్త్రీ పెట్టె బుసకొట్టి ఆగింది. కూతురు దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అప్పుడు మా ఆవిడ నన్ను అడిగింది," అన్నాడాయన. "నిజంగా తీశావా అని. ఒక్కసారే అడిగింది, మళ్లీ అడగలేదు. లేదన్నాను. నమ్మిందో లేదో నాకు తెలీదు. పోయి ఆరేళ్లయింది."

కోడలు తువ్వాలు మడిచి చేతికి వేసుకుంది. ఆయన, వాడెక్కడ అన్నాడు. ఆమె దుకాణం ముందరి అద్దంలోంచి ఎదుటి బెంచీ చూపించింది. ఆయన చూశాడు. వాడిని ఎండలో కూర్చోబెట్టకు, ఇంటికి తీసుకుపో అని చెప్పి, ఇస్త్రీ పెట్టె మళ్లీ అందుకున్నాడు.

ఆమె రోడ్డు దాటి వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పింది. భార్య అడిగిన మాట కూడా దాచలేదు. మామగారు విని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి లేచాడు. ఆమె చెయ్యి అందించబోతే వద్దని, ఒక్కడే రోడ్డు దాటాడు.

బెంచీ మీద కూర్చుని ఆమె అద్దంలోంచి చూసింది. ఒకరు ఇస్త్రీ చేస్తున్నారు, ఒకరు నిలబడి ఉన్నారు. పెదవులు కదులుతున్నాయి, మామగారివే. ఆ తర్వాత ఆయన చెయ్యి తన చొక్కా మెడ దగ్గరికి పోయింది. పై గుండీ విప్పడానికి తంటాలు పడుతున్నాడు. వేళ్లు వణికి గుండీ జారుతోంది, మళ్లీ పట్టుకుంటున్నాడు. ఆమె లేవబోయింది. అంతలో కొలిమాయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించడం కనబడింది. ఏదో అన్నాడు. అక్కడితో ఆమె మళ్లీ కూలబడింది. నడుము నొప్పి, ఎండ, ఆరు వారాలుగా బాకీపడ్డ నిద్ర అన్నీ కలిసి, కూర్చున్నచోటే కళ్లు మూతలు పడ్డాయి. తెరిచేసరికి మామగారు పక్కన కూర్చుని ఉన్నాడు.

"ఏమన్నాడు?"

"వద్దులే, ఆ చేతులతో విప్పేసరికి పొద్దుగూకుతుంది అన్నాడు."

"ఇంకా?"

"అంతే. సీసా ఉంచుకున్నాడు."

మర్నాటి నుంచి ఇంట్లో చప్పుడు లేదు. మామగారు బల్లను గోడవారకు జరిపేశాడు, చువ్వలు కట్టకట్టి అటకమీద పడేశాడు. కోరి కోరి సంపాదించుకున్న నిద్ర మొదటి రెండు రోజులూ ఆమెకు సరిగ్గా పట్టలేదు. మూడో రోజు నుంచి పట్టింది. ఆయన మాత్రం తిండి తగ్గించాడు. రేడియో దగ్గర కూర్చుని అసలు దాన్ని పెట్టడమే మరిచిపోతున్నాడు. ఆమె గమనించింది కానీ, ఏం చెయ్యాలో తోచలేదు.

రెండు వారాల తర్వాత ఇస్త్రీ దుకాణం కూతురు ఫోన్ చేసింది. గురువారం నాన్నను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, దుకాణం వదిలి రావడానికి నాకు కుదరదు, ఎవరిని తోడు పంపనని అడిగితే ఆ సీసాల వాడిని రమ్మను, పనీపాటా లేదుగా వాడికి అన్నాడు, మీ మామగారికి వీలవుతుందా అక్కా అని అడిగింది. వీలవుతుందని కోడలు ఆయన్ని అడక్కుండానే చెప్పేసింది.

గురువారం ఆమె ఇంటికొచ్చేసరికి తలుపుకు తాళం. అన్నం తిని పడుకుంది. ఆయన వచ్చిన అలికిడికి మెలకువ వచ్చేసరికి ఐదున్నర దాటింది. ముందుగదిలో కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పుకుంటున్నాడు.

"చుక్కలు వేసి మూడు గంటలు కూర్చోబెట్టారమ్మా," అన్నాడు. "వాడికి ఎదుటి మనిషి కూడా ఆనడం లేదు. చెయ్యి పట్టుకుని ఇంటి దాకా దించి వచ్చా. మెట్ల దగ్గర పడబోయి నన్నే తిట్టాడు."

"మామూలుగానే మాట్లాడాడా మీతో?"

ఆయన విప్పిన చెప్పులు కుర్చీ కిందికి తోశాడు. "మామూలుగా కాదు," అన్నాడు. "మాట్లాడాడు."

వచ్చే నెల పద్నాలుగున రెండో కన్ను చూస్తారట, మళ్లీ వెళ్లాలట. ఆయన లేచి గోడ క్యాలెండరు దగ్గరికి వెళ్లి, పెన్సిలుతో ఆ తేదీ చుట్టూ వంకరటింకరగా ఒక సున్నా చుట్టాడు. కోడలు లేచి, ముఖం కడుక్కుని, టీకి నీళ్లు పెట్టింది.